బిడ్డ హాస్టల్‌కు పోయిన కాడ్నుంచి మా కుక్క గేటు ఇడుస్తలేదు

పానగల్లు_శీను
మాది నల్లగొండ, పానగల్లు దిక్కు. మా జిమ్మికి అయిదేండ్లు, ఊరకుక్కే, పిల్లగ ఉన్నప్పుడు మా బిడ్డ బడి నుంచి వచ్చుకుంట పుస్తకాల సంచిల ఏసుకొని తెచ్చింది. బిడ్డది పదో తరగతి అయిపోయింది, జూన్‌ల ఇంటర్‌కని హైదరాబాద్ హాస్టల్‌ల ఏసినం. అదే నెలల మా ఇంటామెకు నకిరేకల్ దిక్కు ప్రైవేట్ బళ్ళె టీచర్ నౌకరి దొరికింది, పొద్దుగాల ఏడున్నరకే బస్సు. నేను దుకాణం. అంటే పగటిపూట ఇంట్ల మా అమ్మ, అది, ఇద్దరే. మా అమ్మ దాన్ని ముట్టుకోదు, మడి.
ఇప్పుడు సంగతేందంటే సాయంత్రం నాలుగు కాంగనే గేటు కాడికి పోయి కూసుంటది, గోకుతది, సన్నగ ఏడుస్తది, రాత్రి ఎనిమిది దాక పిలిచినా లోపటికి రాదు. పొద్దుటి బువ్వ సగం ఇడుస్తుంది, మాపటిది వాసన చూసి పోతది. ఇంట్ల ఎన్నడు ఉచ్చ పోయనిది మొన్న హాల్ల పోసింది. నా చెప్పు కొరికి పారేసింది, కుడిదే, ఎడమది సాఫ్‌గ ఉన్నది, దాన్ని ఏం జేస్కోవాలె. కోపంల ఒక్కటి ఏసిన, అప్పటి సంది నన్ను చూస్తే తప్పు చేసినట్టు తల వంచుతది. మా అమ్మ దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది, అందరం దగ్గినం, అది తుమ్మింది, గంతే. నెల కావస్తుంది. ఇంట్ల టైమింగులు మారితే కుక్కలు గింత పరేషాన్ అయితయా? ఎన్ని రోజులు పడ్తది?

గడియారం_సెంటర్
ఎడమ చెప్పు దాసిపెట్టు అన్నా. ఎడమది కొరికే కుక్క ఎవలింట్లనన్న ఉంటది, జత కలుపుకుందురు.

దేవరకొండ_అక్క
శీను తమ్మీ ముందుగాల ఒకటి చెప్పు. దానికి బువ్వ ఏసేది ఎవరు, బయట తిప్పేది ఎవరు, రాత్రి ఎవరి కాడ పండేది? మూడింటికీ బిడ్డే అయితే ఇంక అడిగేదేముంది. మా అబ్బాయి బీటెక్‌కు పోయినప్పుడు మా స్నూపీ (పామరేనియన్, అప్పటికి ఏడేండ్లు) ఇరవై రోజులు నా కొంగు పట్టుకొనే తిరిగింది, బాత్రూంకు పోతే తలుపు బయట కావలి. నేను చేసిన తప్పేందంటే దాన్ని చూసి నేను గూడ ఏడుసుడు, పిల్లగాడు యాదికొచ్చినప్పుడల్లా దాన్ని ఒళ్ళె ఏసుకొని కూసుంటి. ఆఖరికి నాకు తక్కువైంది గాని దానికి కాలే, నేను కూరగాయలకు పోయినా లొల్లి పెట్టుడు మొదలైంది.

పానగల్లు_శీను
మూడింటికీ బిడ్డే అక్కా. పొద్దుగాల ఆరింటికి చెరువు కట్ట మీదికి తీస్కపోయేది, సాయంత్రం బస్సు దిగి బూట్లు గూడ ఇడువక ముందే బువ్వ కలిపేది, రాత్రి ఆమె మంచం కింద పండేది. ఇప్పుడు నాకు యాదికుంటే తిప్పుత, ఒకనాడు ఆరింటికి ఒకనాడు ఎనిమిదింటికి, దుకాణంల మాల్ దిగే రోజు అసలే లేదు.

దేవరకొండ_అక్క
చూసినవా మరి.

బాయికాడి_తాత
కుక్కకు గివన్ని ఏంది వయ్యా. మా బాయికాడ మస్తు కుక్కలు పెరిగినయ్, ఒక్కదానికి గూడ ఇంత కథ చెయ్యలే. తిననంటే ఊకోండ్రి, రెండు పూటలు కడుపు మాడితే అదే తింటది. మనుషులు వలసపోతే మనుషులే తట్టుకుంటున్నరు.

మిర్యాలగూడ_మిల్లు
తాతా, నెల అయితుంది అంటుండు ఆయన. రెండు పూటలు కాదు.

వనపర్తి_పశువైద్యం
నేను పశువుల డాక్టర్‌నే, కానీ కుక్కను చూడకుండ మందు పేరు చెప్పను. శీను గారు, మనాది అని మీరే తీర్మానం చేసుకోకండి. తిండి తగ్గడం, ఇంట్లో మూత్రం పోయడం, ఈ రెండూ జబ్బుకు కూడా గుర్తులే. వానాకాలంలో గోమార్లు ఎక్కువ, కొందరు పిడుదులు అంటారు, చెవుల లోపల, వేళ్ళ మధ్యన, తోక కింద చూడండి. గోమార్ల జ్వరం వస్తే మొదట కనిపించేది తిండి మానేయడమే, తర్వాత రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం వచ్చేదాకా చాలామంది తీసుకురారు. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది కాబట్టి చేత్తో చూస్తే తెలియదు, థర్మామీటర్ కావాలి. ఒక రక్త పరీక్ష, ఒక మూత్ర పరీక్ష చేయించండి. అవి బాగుంటే అప్పుడు మనసు సంగతి మాట్లాడుకుందాం.

చౌటుప్పల్_బ్రో
పారాసిటమాల్ సగం గోలి ఏస్తే అయిపాయె కదా.

వనపర్తి_పశువైద్యం
వద్దు. దయచేసి వద్దు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు వేయకండి, పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఐబుప్రోఫెన్ అయితే కడుపులో పుండ్లు, కిడ్నీలు పోవడం దాకా వెళ్తుంది.

గద్వాల_కోట
డాక్టర్ సార్ చెప్పింది నిజం. మా లక్కీ మా అత్తమ్మ సచ్చిపోయినంక తినుడు బంద్ చేసింది, పాపం మనాది పెట్టుకుంది అని అందరం దాన్ని చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నం, చుట్టాలకు ఫోన్ల చెప్పుకున్నం. పది రోజులైనంక దవాఖానకు తీస్కపోతే గోమార్ల జ్వరం. బతికింది గాని నెల రోజులు మాత్రలు ఏసినం. అత్తమ్మ మీద ప్రేమ లేదని కాదు.

డల్లాస్ల_నల్లగొండోడు
ఇక్కడ మాకు ఏడాదికి రెండు సార్లు గిదే బాధ, మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతరు, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళ గంట ఎనకకు. మనం ఫోన్ చూసి మారిపోతం, కుక్కకు ఎవడు చెప్పాలె. మా లాబ్రడార్‌కు పొద్దుగాల ఆరింటికి తిండి, నవంబర్‌ల గడియారం ఎనకకు పోయిన తెల్లారి అయిదింటికే వచ్చి మొహం నాకుతది, దాని లెక్కల ఆరే కదా. మొదటి ఏడు తిట్టిన. తర్వాత ఏం చేసినమంటే ఆదివారానికి వారం ముందు నుంచే రోజుకు పది నిమిషాలు తిండి, వాకింగ్ రెండూ జరుపుకుంట వచ్చినం, ఆదివారం నాటికి దానికి తేడానే తెలువలే. నీది గంట కాదు శీను అన్నా, ఇల్లంతా తిరగబడ్డది, అయినా జరుపుడు మెల్లగ ఉండాలె అని చెప్తున్న.

గడియారం_సెంటర్
మన దగ్గర గడియారం జరుపుడు లేదు, మనకు ఒంటిపూట బడులే గతి.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
పై మాట నవ్వులాటకు అన్నడు గాని అసలు ప్రశ్న అదే. శీనన్నా, మార్చిల ఒంటిపూట బడులు పెట్టినప్పుడు మీ బిడ్డ ఎప్పుడొచ్చేది? అప్పుడు జిమ్మి ఏం చేసింది?

పానగల్లు_శీను
పదో తరగతికి వేరే ఉంటది గాని అంతకు ముందటి ఏడు చూస్తే ఒంటిగంట లోపల వచ్చేది. మొదటి మూడు నాలుగు రోజులు బస్సు వచ్చేసరికి ఇది ఎనక రేకుల కింద పండి ఉండేది, హారన్ ఇని ఉరికొచ్చేది. తర్వాత పన్నెండున్నరకే గేటు కాడ. జూన్‌ల మళ్ళ బడి మామూలు అయినంక మళ్ళ నాలుగింటికి. ఏం లొల్లి చెయ్యలే. ఇప్పుడు అడిగితే యాదికొస్తుంది.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
అగో. అంటే టైం మారితే దానికేం కాలే, మూడు నాలుగు రోజులల్ల సర్దుకుంది. నేను ఎందుకు అడిగిన్నంటే నాది పోలేపల్లి దిక్కు కంపెనీల షిఫ్ట్ డ్యూటీ, వారం పొద్దుగాలది, వారం మధ్యాహ్నంది, వారం రాత్రిది. మా ఇంట్ల ఒక టైం అనేదే లేదు, నేనే ఆగమాగం, మా కుక్క రాజా మాత్రం మస్తు కుశాల్‌గ ఉంటది. మా ఆవిడ చెప్పేదాక నాకు గూడ సమజ్ కాలే. బూట్లు ఏస్తే డ్యూటీ, అది లేచి మూలకు పోయి పంటది, తోక గూడ ఊపది. చెప్పులు ఏస్తే వాకింగ్, ఎగురుతది. టిఫిన్ డబ్బా కడిగిన సప్పుడైతే నేను వచ్చిన, ఇప్పుడు బువ్వ. ఇవి ఏ షిఫ్ట్‌లనైనా ఇదే వరుస. ఒకసారి బూట్లు తెగి చెప్పులతోని డ్యూటీకి పోయిన, ఆ రోజు వీధంతా ఇనవడేటట్టు మొరిగిందంట. కుక్క గంటలు చూస్తదో లేదో గాని దేని ఎనక ఏది వస్తది అన్నది మాత్రం కచ్చితంగ చూస్తది. జిమ్మికి బస్సు, బస్సు ఎనక పిల్ల, పిల్ల ఎనక బువ్వ. ఆ వరుస తెగింది అన్నా.

మిర్యాలగూడ_మిల్లు
జడ్చర్ల అన్న మాటకు ఒప్పుకుంట గాని కుక్కలకు టైం అసలే తెల్వదు అంటే నేను ఒప్పుకోను. స్వీడన్‌ల 2011ల ఒక పరిశోధన చేసిండ్రు, కుక్కలను ఇంట్ల ఒంటరిగ అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు ఇడ్సి చూసిండ్రు. అరగంటకు వస్తే మామూలుగ పలకరించినయ్, రెండు గంటలకు వస్తే బాగ ఎగబడ్డయ్, నాలుగింటికి రెండింటికి మాత్రం పెద్ద తేడా లేదు. అంటే ఎంతసేపైందో కొంత అందాజ ఉన్నది. ఇగ నా సంగతి, 2020 లాక్‌డౌన్‌ల బీగిల్ పిల్లను తెచ్చినం, రెండేండ్లు నేను, మా ఆవిడ ఇద్దరం ఇంటి నుంచే పని, అది పుట్టి పెరిగింది మా కుర్చీల కింద. ఆఫీస్ తెరిచినంక ఇద్దరం ఒకే సోమవారం పోయినం. వచ్చేసరికి దర్వాజ చౌకట్ కింద జానెడు చెక్క లేదు, నోట్ల రక్తం. అప్పుడు ఒక డాక్టర్ చెప్పిండు పాత ఫోన్ పెట్టి వీడియో తీయుండ్రి అని, చూస్తే మేం పోయిన ఇరవై నిమిషాలకే మొదలు. మీరు గూడ పాత ఫోన్ ఉంటే టీవీ మీద పెట్టి గేటు కనవడేటట్టు తీయుండ్రి, మనం లేనప్పుడు అది ఏం చేస్తదో మనం అనుకునేది వేరు ఉంటది.

బాయికాడి_తాత
నేను ఒకటి చెప్తే నవ్వొద్దు. జడ్చర్ల పిల్లగాడు వరుస అన్నడు కదా, దాంతోని యాదికొచ్చింది. మాకు ఎనకట పొలాలకు రాత్రి కరెంటే. అద్దుమరాత్రి ఎప్పుడొస్తదో, వస్తే స్టార్టర్ డబ్బా కాడికి ఉరకాలె. మా నల్లోడు అనే కుక్క ముందు, నేను బ్యాటరీ పట్టుకొని ఎనక. పాములు, తేళ్ళు, దాని ముక్కుకు దెలుస్తది, ఆగితే నేను ఆగాలె. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చిండ్రు, నేను హాయిగ పండుకున్న. అది పండుకోలే. రాత్రి రెండు కొట్టంగ వచ్చి నా దుప్పటి గుంజుతది. లేవకపోతే ఒక్కతే బాయికాడికి పోయి చుట్టూ తిరిగి వచ్చి, మళ్ళ నా మంచం కాడ నిలబడి సూస్తది, నువ్వేంది రాలే అన్నట్టు. రెండు నెలలు పోయింది గట్ల. ఒక పది సార్లు నేనే లేసి పోయిన దానితోని, మోటర్ తోని పనే లేదు, ఊకెనే.

మిర్యాలగూడ_మిల్లు
రెండు పూటలు కడుపు మాడితే మర్చిపోలేదా తాతా?

బాయికాడి_తాత
అందుకే నవ్వొద్దు అన్న.

దేవరకొండ_అక్క
తాతా ఊకెనే లేసి పోయిన అన్నవు చూడు, కుక్కకు కావాల్సింది అదే ఉంటది. మీరు ఇంక చెప్పుండ్రి, ఇట్లాంటివి.

పాలమూరు_పోరడు
మాది కోయిల్‌కొండ దిక్కు. నేను చిన్నప్పుడు మా అమ్మ నాయిన పంట లేని ఏడు బొంబాయి పోతుండె పనికి, ఆరు నెలలు, ఎనిమిది నెలలు. నేను, మా అవ్వ, కర్రోడు అనే కుక్క ఇంటికాడ. నాయిన పోయిన నాడు కర్రోడు బస్సు ఎనక ఉరికింది, రోడ్డు దాక కాదు పక్క ఊరు దాక, రాత్రికి కాళ్ళు కొట్టుకపోయి వచ్చింది. మా అవ్వ ఎవ్వరినీ ఏం అడగలే, నాయిన గొంగడి తీసి అర్గు మీద, నాయిన పండే జాగల్నే పరిచింది. అది దాని మీద ముడుసుకొని పన్నది. నాయిన వచ్చేదాక ఆ గొంగడి దులపనియ్యలే ఉతకనియ్యలే, మేం దాని మీద కూసున్నా తిట్టేది. బువ్వ గూడ నాయిన ఏసే సిల్వర్ గిన్నెలనే, నాయిన కూసునే తావులనే పెట్టేది. మూడో రోజుకు తిన్నది. ఏడుపు మాత్రం నాది ఎక్కువుండె, నాకు ఎవ్వరు గొంగడి పరవలే.

గద్వాల_కోట
తమ్మీ...

పానగల్లు_శీను
పాలమూరు తమ్మి పోస్ట్ మా ఇంటామెకు సదివి ఇనిపించిన, ఆమె మొహం చూడాలె. బిడ్డ పోయిన రెండో రోజే ఆమె మంచం మీది దుప్పట్లు, యూనిఫాం, చున్నీలు అన్ని ఉతికి అల్మారిల పెట్టి, మంచం గూడ నిలవెట్టింది జాగ కలుస్తదని. ఒక పాత చున్నీ మంచం కింద జిమ్మి పండే కాడ ఉండె, వాసనొస్తుందని దాన్ని మరీ రెండు సార్లు జాడిచ్చిందంట. తిండి తగ్గింది గూడ ఆ వారమే. ఈ ఆదివారం హాస్టల్‌కు పోతున్నం, మాసిన బట్టలు తెస్తం. వార్డెన్ ఏమనుకుంటదో మాసినయ్ కావాలె అంటే.

కొల్లాపూర్_మామిడి
అందరు ఒకటి ఇడిసిపెట్టిండ్రు. శీనన్న కొట్టిండు, అది తప్పు చేసినట్టు తల వంచుతుంది అన్నడు. అది తప్పు ఒప్పుకునుడు కాదన్నా. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే సైంటిస్ట్ 2009ల దీని మీదనే పరీక్ష చేసింది, తినొద్దన్న బిస్కిట్ కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిడితే చాలు ఆ మొహం పెట్టినయ్, ఏ తప్పు చెయ్యని కుక్కలు గూడ పెట్టినయ్. మన గొంతు చూసి, మన చెయ్యి చూసి భయంతోని తల వంచుతది. చెప్పు పొద్దున కొరికితే సాయంత్రం కొట్టుడు దేనికి? దానికి అర్థమయ్యేది ఒకటే, ఈయన ఇంటికి రాంగనే నాకు దెబ్బ పడ్తది. ఇగ నువ్వు గూడ దాని లెక్కల భయపడే వస్తువు అయినవు, పిల్ల లేదు, నువ్వు ఇట్ల.

పానగల్లు_శీను
ఒక్కటే ఏసిన అన్నా, పేపర్‌తోని.

కొల్లాపూర్_మామిడి
పేపర్‌కు గూడ సప్పుడుంటది.

చౌటుప్పల్_బ్రో
ఇంకో కుక్కను తెచ్చుకోండ్రి, తోడుంటది, దీన్ని మర్చిపోతది. నా కాడ లాబ్ పిల్ల ఉన్నది, 45 రోజులది, ఎనిమిది వేలు, శీనన్నకైతే ఏడున్నర.

దేవరకొండ_అక్క
వచ్చిండయ్యా అసలు సరుకుతోని.

వనపర్తి_పశువైద్యం
ఇది మనిషి కోసం ఎదురుచూపు, రెండో కుక్క వస్తే తీరుతుందని నమ్మకం లేదు. పైగా ఇప్పటికే ఇంట్లో అన్నీ మారాయి, ఇంకో మార్పు ఎందుకు. ఇద్దరు ఏడిస్తే అప్పుడేం చేస్తారు.

సూర్యాపేట_నోటరీ
జపాన్‌ల హచికో అనే కుక్క యాదికొచ్చింది. దాన్ని సాదిన ప్రొఫెసర్ 1925ల సచ్చిపోతే, షిబుయా స్టేషన్ కాడికి 1935 దాక రోజు అదే టైంకు పోయింది. బతికుండంగనే విగ్రహం పెట్టిండ్రు. జిమ్మి గూడ పానగల్లు హచికో అయితది.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
సార్, ఆయన పరిష్కారం అడుగుతుండు, మీరు విగ్రహం దాక పోయిండ్రు.

పానగల్లు_శీను
వారమైంది రాయక, మాఫ్ చేయుండ్రి. ఒకటొకటి చెప్త.
దవాఖాన. మా మండలంల బర్రెలు, గొర్లు తప్ప కుక్కను చూసుడు కష్టం, టౌన్‌ల ప్రైవేట్‌కు తీస్కపోయిన. వేడి 101.8, గోమార్లు నాలుగు దొరికినయ్ తీసేసిండ్రు, రక్తం, మూత్రం రెండూ బాగున్నయ్. బరువు మాత్రం కిలో దాక తగ్గింది అనుకున్న, తగ్గలే. పోయినేడాది ఎంతుండెనో అంతే. తినకుండ బరువు ఎట్ల తగ్గలేదో సమజ్ కాలే.
సమజ్ అయ్యింది ఎట్లనంటే మిల్లు అన్న చెప్పిన వీడియో. పాత ఫోన్ టీవీ మీద ఒకటి, కిటికీల ఒకటి పెట్టిన. మధ్యాహ్నం రెండు కొట్టంగ మా అమ్మ, మడి కట్టుకునే మా అమ్మ, కుక్కను ముట్టుకోని మా అమ్మ, వంటింట్ల నుంచి కొంగు చాటున సర్వపిండి తెచ్చి, అటు ఇటు చూసి, అర్ధం రొట్టె తుంచి ఏస్తుంది. అది తిని ఆమె కాళ్ళ కాడ పంటుంది. మర్నాడు పెరుగన్నం. మూడో రోజు మళ్ళ సర్వపిండి. అడిగితే ఏమంటదో తెలుసా, పిల్ల పోయిందని ఏడుస్తుంటే సూడబుద్ది కాక పెట్టిన, మీరెవ్వరు ఇంట్ల ఉండరు కదా అన్నది. ఇగ నేనేమంట.

గడియారం_సెంటర్
కేసు సగం తేలింది. ముద్దాయి అవ్వ.

వనపర్తి_పశువైద్యం
అవ్వ మనసు మంచిదే, కానీ సర్వపిండిలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఆ రెండూ కుక్క రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి, కొంచెం కొంచెం రోజూ వెళ్ళినా మంచిది కాదు. మీ రక్త పరీక్ష బాగుంది కాబట్టి భయపడకండి, ఆపేయండి చాలు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దని అవ్వకు చెప్పండి. పెరుగన్నం పెట్టుకోవచ్చు, మాపటి బువ్వలో అంత తగ్గించండి.

పానగల్లు_శీను
చెప్పిన సార్. ఉల్లి లేకుండ చేసి పెడ్త అంటుంది. నాకు ఎన్నడన్న ఉల్లి లేకుండ చేసిందా అడుగు.
ఇంకొకటి, ముఖ్యమైంది. వీడియోల జిమ్మి రెండు నుంచి నాలుగు దాక మంచిగ నిద్రపోతుంది, ఏ ఏడుపు లేదు. నాలుగు పది కాంగనే సందుల బస్సు హారన్ ఇనవడ్తది, అప్పుడు లేసి ఉరుకుతది. అదే బస్సు. బిడ్డ దిగేది అదే బస్సు, పక్కింటి పిల్లలు ఇంకా అండ్లనే వస్తరు. రోజు బస్సు వస్తుంది, ఆగుతుంది, అందరు దిగుతున్నరు, ఆమె దిగుతలేదు. ఆదివారం బస్సు రాదు కదా, ఆదివారం వీడియోల అసలు గేటు కాడికే పోలే. మేం ఇద్దరం చూసి మాట్లాడుకోలే కొద్దిసేపు.

దేవరకొండ_అక్క
అయ్యో తల్లీ.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
బస్సు ఎనక పిల్ల రాకపోతే, బస్సు ఎనక ఇంకోటి రావాలె. హారన్ ఇనవడంగనే అవ్వతోని పెరుగన్నం పెట్టియ్యి, కాని గేటు కాడ కాదు, ఎనక దిక్కు రేకుల కింద. రెండు గంటలది బంద్ చేసి నాలుగు పదికి. అవ్వ ఎట్లైనా పెడ్తది, దొంగతనంగ ఎందుకు, డ్యూటీ ఏయి.

వనపర్తి_పశువైద్యం
బాగా చెప్పారు. నేను ఒక్క మాట కలుపుతా, మొదట్లో హారన్ కంటే రెండు నిమిషాల ముందే వెనక్కి తీసుకుపోండి, గేటుకు ఉరికాక తీసుకురావడం కష్టం. గిన్నెలో కాకుండ నేల మీద గింజలు చల్లినట్టు చల్లి వెతుక్కోనివ్వండి, ముక్కుకు పని ఉంటే మనసు కుదుటపడుతుంది. పొద్దుటి వాకింగ్ మాత్రం శీను గారు ఆరింటికే, మాల్ దిగే రోజైనా పది నిమిషాలైనా సరే. అన్నీ పాత పద్ధతిలో ఉండాలని లేదు, రోజులో రెండు మూడు మాత్రం తప్పకూడదు. నెల రెండు నెలలు చూశాక కూడా తనను తాను గాయపరచుకునేంత ఉంటే మందులున్నాయి, ఫ్లూఒక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి, పని చేయడానికి వారాలు పడుతుంది, డాక్టర్ చూసి రాయాల్సిందే. మీ జిమ్మికి అంత దూరం కనిపిస్తలేదు నాకు.

డల్లాస్ల_నల్లగొండోడు
బిడ్డతోని రోజు వీడియో కాల్ చేపియ్యి అన్నా, గొంతు ఇంటది.

మిర్యాలగూడ_మిల్లు
వద్దే వద్దు, మేం ట్రిప్‌కు పోయి చేసినం, గొంతు ఇని ఫోన్ ఎనక, మంచం కింద, బాత్రూంల దేవులాడింది, కాల్ పెట్టేసినంక ఇంకా ఎక్కువ అరిసింది. నీ లాబ్‌కు పడ్తదేమో.

డల్లాస్ల_నల్లగొండోడు
మా దానికి నేనున్నా పట్టదు, తిండి ఉంటే చాలు. సరే తీసేస్తున్న ఆ సలహా.

గద్వాల_కోట
శీనన్నా ఇంకొకటి, పొద్దుగాల మీ ఇంటామె పోయేటప్పుడు తాళంచెవి, బ్యాగు తీస్తే జిమ్మి లేస్తదా? లేస్తే ఊరికే తాళంచెవి తీసి మళ్ళ కూసోమను, బ్యాగు ఏసుకొని టీ తాగుమను. పది సార్లు తీసి పోకపోతే పదకొండోసారి అది పట్టించుకోదు. పోయేటప్పుడు ముద్దులు, బై బై లొల్లి ఒద్దు.

పానగల్లు_శీను
ఆమెకు ఏడున్నర బస్సే అందదు, టీ ఎక్కడిది. ఆదివారం చేపిస్త.

పానగల్లు_శీను
రాఖీ పున్నం ముచ్చట చెప్పాలె మీకు, అందుకే రాస్తున్న.
చున్నీ తెచ్చినం, మంచం మళ్ళ ఏసినం, అవ్వ డ్యూటీ మొదలై పద్దెనిమిది రోజులు. మాపటి బువ్వ తింటుంది, గేటు కాడ కూసునుడు వారంల రెండు మూడు రోజులే, అది గూడ అరగంట. హాల్ల మళ్ళ పోయలే. నేను ఆరింటికి కట్ట మీద నడుస్తున్న, షుగర్ గూడ తగ్గింది, డాక్టర్ నన్నే మెచ్చుకుండు.
బిడ్డ పండుగకు ఒక రోజు ముందే వచ్చింది, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆటోల. బడులున్న రోజే. జిమ్మి ముందుగాల మొరిగింది ఆమెను చూసి, జుట్టు కత్తిరిచ్చుకున్నది, వేరే సబ్బు వాసన. తర్వాత ముక్కు పెట్టి ఇగ చూడు, నేల మీద పొర్లి, ఉచ్చ పోసుకొని, ఆమె మీద ఎక్కి, ఆమె ఏడుసుడు, మా అమ్మ ఏడుసుడు. మూడు గంటలు ఆమె ఒళ్ళెనే.
నాలుగు పదికి బస్సు హారన్. జిమ్మి ఆమె ఒళ్ళెకెల్లి దుంకి గేటు కాడికి ఉరికింది. బిడ్డ ఇంట్లనే ఉన్నది, అది బస్సు దిక్కు చూస్తుంది. పక్కింటి పిల్లలు దిగిండ్రు, పోయిండ్రు. ఆమె పిలుస్తుంది, అది తోక ఊపుతది గాని గేటు ఇడువదు. ఆఖరికి బిడ్డ ఎనక దర్వాజ కెల్లి సందు తిరిగి, బస్సు ఆగే కాడికి పోయి, అక్కడ్నుంచి నడుసుకుంట గేటు తీసుకొని లోపటికి వచ్చింది. అప్పుడు గాని దానికి సమాధానం కాలే. ఎగిరింది, ఇంట్లకు వచ్చి గిన్నె కాడ కూసున్నది.
మూడు రోజులున్నది. రెండు రోజులు సెలవు, బస్సు లేదు. ఆమె పోయే నాడు ముద్దులు ఒద్దని గద్వాల అక్క చెప్పింది యాదికుండె, చెప్పలేకపోయిన.

బాయికాడి_తాత
మంచి పని చేసింది పిల్ల.

పాలమూరు_పోరడు
సందు తిరిగి వచ్చింది అన్నకాడ ఆగిపోయిన నేను.

సూర్యాపేట_నోటరీ
ఇప్పుడు ఎట్లుంది, మళ్ళ మొదటికి వచ్చిందా?

పానగల్లు_శీను
రెండు రోజులు గేటు కాడ ఉండె సార్, మూడో రోజుకు అవ్వ ఎనక పోయింది. దసరాకు మళ్ళ వస్తది, అప్పుడు బళ్ళకు సెలవులే, బస్సు ఉండదు, చూడాలె.

చౌటుప్పల్_బ్రో
లాబ్ పిల్ల ఇంకా ఉన్నది. ఆరు వేలు.

గడియారం_సెంటర్
అన్నా ఎడమ చెప్పు ఉన్నదా, మా చుట్టాలింట్ల కుడిది మిగిలింది.

పానగల్లు_శీను
బిడ్డ పోయిన మర్నాడు అది గూడ కొరికింది.